రెండు గదులు కట్టే ముందు రఘుకు ఒక ఉత్తరం

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. మన ఊరి బడికి పాత విద్యార్థులంతా చందాలు వేసుకుని రెండు గదులు కట్టించాలనుకోవడం, ఆ పని నీ చేతిలో పెట్టడం, రెండూ మంచి కబుర్లే. కానీ చివర్లో "గోడలు లేపి మీద రేకులు వేసేస్తే బడి తెరిచేలోపు అయిపోతుంది" అని రాశావు చూడు, అక్కడ నా మనసు ఆగిపోయింది. రేకులు వద్దనడం లేదు రా. గోడల మీద నేరుగా పరచవద్దని మాత్రం బతిమాలుతున్నాను. ఎందుకో చెప్పాలంటే నిన్ను కాసేపు ఆఫ్రికా దాకా తీసుకెళ్లాలి.

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో గాండో అని ఒక పల్లె. ఎండ నలభై డిగ్రీలు దాటే చోటు. ఆర్కిటెక్టు ఫ్రాన్సిస్ కెరే 1965లో అక్కడే పుట్టారు, ఊరి పెద్దగారి కొడుకు. ఊళ్లో బడి లేక ఏడేళ్లకే ఇల్లు వదిలి టెంకోడోగో పట్టణానికి చదువుకు వెళ్లారు. అక్కడి తరగతి గదిలో వందమందికి పైగా పిల్లలు, వెలుతురు లేదు, గాలి లేదు, ఒకటే ఉక్క. ఆ గదిని ఆయన జీవితంలో మరిచిపోలేదు. 1985లో వడ్రంగం నేర్చుకోవడానికి ఉపకార వేతనం మీద జర్మనీ వెళ్లి, ఆ తర్వాత బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువులో చేరారు. చదువు ఇంకా పూర్తికాకముందే సొంత ఊరికి బడి కట్టాలని పూనుకున్నారు. తోటి విద్యార్థులను కాఫీకి, సిగరెట్లకు పెట్టే డబ్బు తగ్గించుకుని తన బడికి ఇమ్మని అడిగారట. అలా రెండేళ్లలో 50 వేల డాలర్లు పోగయ్యాయి. ఇప్పుడు మీరు వేసుకుంటున్న చందాల్లాంటివే అవి.

ఊరికి వెళ్లి "మట్టితో కడదాం" అంటే ఎవరికీ నచ్చలేదు. జర్మనీలో చదివొచ్చినవాడు అద్దాలు, కాంక్రీటు తెస్తాడనుకుంటే మళ్లీ మట్టేనా అన్నారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. ఏటా వానలకు మట్టి గోడలు కరిగిపోవడం చూసినవాళ్లు వాళ్లు. అందుకని కెరే మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, అచ్చుల్లో గట్టిగా అదిమి ఇటుకలు చేయించారు. ఇటుకలతో కమాను కట్టించి, దాని మీదికి మనుషులతో పాటు ఎక్కి గెంతి చూపించారు. కమాను నిలబడింది. అప్పుడు నమ్మారు. పునాదికి పిల్లలు రాళ్లు మోసుకొచ్చారు, ఆడవాళ్లు నీళ్లు తెచ్చారు. 2001కి మూడు గదుల బడి లేచింది.

ఇక పైకప్పు సంగతి. నీకు అసలు చెప్పదలచుకున్నది ఇదే, జాగ్రత్తగా చదువు.

గోడల పైన కాంక్రీటు దూలాలు ఉన్నాయి. వాటి మధ్య ఇనుప చువ్వలు పరిచి, వాటి మీద అవే మట్టి ఇటుకలను సిమెంటు పెట్టకుండా వరసగా పేర్చారు. పిల్లల తల మీద ఉండే కప్పు అది. రేకులు దానికి ఆనుకుని లేవు. మామూలు కాంక్రీటు పనికి వాడే చువ్వలనే వంచి, వెల్డింగు చేసి దూలకట్టులా తయారుచేసి, వాటి మీద రేకులను బాగా ఎత్తున నిలబెట్టారు. మధ్యలో గాలి ఆడుతుంది. ఎండకు రేకు కాలుతుంది, దాని కింది గాలి వేడెక్కి బయటికి పోతుంది. ఆ పోయే గాలి గదిలోని వేడిని కూడా పేర్చిన ఇటుకల సందుల గుండా పైకి లాగుతుంది, కిటికీల్లోంచి చల్లటి గాలి లోపలికి వస్తుంది. కరెంటు అక్కర్లేదు. చూరు గోడ దాటి చాలా దూరం ముందుకొచ్చి ఉంటుంది కాబట్టి గోడకు ఎండా తగలదు, వానా తగలదు. మట్టి గోడ నిలిచిన రహస్యంలో సగం ఆ చూరే. గదికీ గదికీ మధ్య కప్పు ఉన్న ఖాళీ స్థలం కూడా వదిలారు, పిల్లలు అక్కడ ఆడుకుంటారు, పాఠాలూ వింటారు. ఇంత పైకప్పుకు క్రేను వాడలేదు. ఊరి కుర్రవాళ్లకే చేతి రంపం, చిన్న వెల్డింగు మిషను పట్టుకోవడం నేర్పి చేయించారు.

ఈ బడికి 2004లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ పురస్కారం వచ్చింది. కెరేకు 2022లో ఆర్కిటెక్టులకు ఇచ్చే అతి పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆఫ్రికా నుంచి అది అందుకున్న తొలి ఆర్కిటెక్టు ఆయనే. ఆ ప్రయాణమంతా ఈ మూడు గదులతో మొదలైంది.

ఆ బడి గ్రంథాలయం గురించి చెప్పకుండా ఉండలేను. అది తర్వాత మొదలుపెట్టింది. ఊళ్లో ఆడవాళ్లు చేసిన మట్టి కుండలను తెప్పించి, పైనా కిందా కోయించి, పైకప్పు సెంట్రింగు మీద పేర్చి చుట్టూ కాంక్రీటు పోయించారు. ఒక్కో కుండా ఒక్కో గుండ్రటి కన్నమైంది. అందులోంచి వెలుగు దిగుతుంది, వేడి గాలి పైకి పోతుంది. తాను చేసిన కుండలోంచి పడే వెలుతురులో తన మనవరాలు పుస్తకం చదువుకుంటుంటే ఆ ముసలమ్మకు ఎలా ఉంటుందో ఊహించు. నాకైతే పతకాలన్నిటికన్నా ఇదే గొప్ప.

మన సంగతికి వద్దాం. నేను పాఠాలు చెప్పే గదికి గోడల మీదే రేకులు. ఏప్రిల్‌లో పదకొండు గంటలకల్లా పిల్లల నోటుపుస్తకాల మీద చెమట చుక్కలు పడి సిరా అలుక్కుపోతుంది. వాన మొదలైతే ఆ మోతకు నా గొంతు మొదటి బెంచీ దాకా కూడా వినిపించదు, పాఠం ఆపేసి కూర్చుంటాం. ఏ పిల్లా ఫిర్యాదు చెయ్యదు, గది అంటే ఇలాగే ఉంటుందనుకుంటారు. అదే నాకు ఎక్కువ బాధ.

గాండోను ఉన్నదున్నట్టు దించమనడం లేదు. మన ఊరిది నల్లరేగడి, ఎండితే బీటలు వారుతుంది, ఇటుకలకు పనికిరాదు. కాల్చిన ఇటుకలే వాడు. కానీ రేకుల కింద రెండో కప్పు, మధ్యలో గాలి, ముందుకొచ్చిన చూరు, ఈ మూడూ వదలకు. ఒక జాగ్రత్త: మనకు తుఫాన్ల బెడద ఉంది. ఎత్తిన రేకును గాలి కింది నుంచి లేపేస్తుంది, కాబట్టి దాన్ని మోసే ఇనుమును దూలాల్లోకి దింపి గట్టిగా బిగించాలి. ఇంజినీరుకు చూపించకుండా మేస్త్రీ ధైర్యం మీద మాత్రం వెయ్యవద్దు. రెండు గదుల మధ్య ఒక వసారా వదిలితే ఇంకా సంతోషం. ఖర్చు కొంత పెరుగుతుంది, అయినా చందాలు అడగడానికి నేనూ వస్తాను.

చిన్నపిల్లల గది గురించి ఇంకో ముచ్చట. బంగ్లాదేశ్‌లోని రుద్రాపూర్‌లో అన్నా హేరింగర్ అనే ఆర్కిటెక్టు మట్టి, వెదురుతో కట్టిన బడి ఉంది, దానికీ 2007లో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. అక్కడ తరగతుల వెనక గోడలో గుండ్రటి ద్వారాలు, వాటి వెనక మట్టి గుహలు. పిల్లలు పాకుతూ లోపలికి దూరి ఒంటరిగానో, జట్టుగానో కూర్చుంటారు. మీ చిన్నదానికి చెప్పు, గంతులేస్తుంది.

స్థలం ఏ దిక్కుకు ఎంత ఉందో, వేప చెట్టు ఎక్కడ వస్తుందో కాగితం మీద గీసి పంపు. చెట్టును కొట్టనివ్వకు, పడమటి ఎండకు అదే అడ్డు. మేస్త్రీకి బయానా ఇవ్వడం నేను వచ్చేదాకా ఆపు. రెండో శనివారం బస్సుకు బయలుదేరుతాను.

అమ్మగారికి నమస్కారాలు, చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
శ్రీను