అడిగి తీస్తే ఏం పోతుందండీ?

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన నెల వైజాగ్ నుంచి అద్దాల బోగీలో అరకు వెళ్ళాం, టన్నెల్ వచ్చినప్పుడల్లా ఒకటే కేకలు, ఫోన్లన్నీ కిటికీలకే, సరే అది సరదా. నా బాధ సంతలో చూసిందాని గురించి. ముక్కుకి మూడు పుడకలున్న ఓ ముసలావిడ పసుపు కొమ్ములు కుప్ప పోసుకుని కూర్చుంది, ఎవరో కుర్రాడు మూరెడు దూరంలో మొహం మీదకి కెమెరా పెట్టి టకటకా కొట్టేస్తున్నాడు, ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంటే "అలాగే ఉండు అవ్వా, క్యాండిడ్‌గా బాగుంది" అంటాడు! క్యాండిడ్ అంటే పోజు పెట్టకుండా సహజంగా ఉన్నప్పుడు తీసే ఫొటో కదా, మొహం దాచుకుంటుంటే క్యాండిడ్ ఎలా అవుద్దండీ? ఒక్క కొమ్ము కూడా కొనలేదు.

నేనూ తక్కువ తిన్లేదు లెండి, అక్కడి గిరిజనుల థింసా నాట్యం ఆడేవాళ్ళ మధ్యలో దూరి సెల్ఫీ దిగినవాణ్ణే. 1839లో అమెరికాలో రాబర్ట్ కార్నీలియస్ తన ఫొటో తనే తీసుకున్నప్పుడు చాలాసేపు కదలకుండా ఉండాల్సొచ్చిందట, ఇప్పుడు అర సెకను పని, అందుకే అడగాలన్న ఆలోచనే రావట్లేదేమో.

చివరికి మా ఆవిడ పావుకిలో పసుపు కొని, ఫొటో తీసుకోవచ్చా అమ్మా అని అడిగింది. అప్పుడావిడ కొంగు సర్దుకుని, మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ దిగింది, ఫోన్ లాక్కుని చూసి నల్లగా పడ్డానే అని నవ్వింది కూడా.

టూరిజం వాళ్ళు సంత దగ్గర, బొర్రా గుహల దగ్గర "అడిగి ఫొటో తీయండి" అని ఓ బోర్డు పెట్టేలా మీ పేపర్లో కాస్త రాయండి.

- ఒక పాఠకుడు, విశాఖపట్నం