దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద నాకు అన్నం పెట్టినవాళ్లకు

మొన్న ఆదివారం మళ్లీ ఒక గది అద్దెకు తీసుకున్నాను. తాళంచెవి చేతిలో పడగానే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

పోయిన ఏడాది పెయింటింగ్ పనిలో పరంజా మీంచి పడి కుడి మణికట్టు విరిగింది. పని పోయింది, అద్దె బాకీ పడింది, గది ఖాళీ చేశాను. ఊరికి పోదామంటే అక్కడ అప్పులు. హైదరాబాద్ పాతబస్తీలో నాలుగు నెలలు రోడ్డు మీదే పడుకున్నాను.

మొదటి రెండు రోజులు ఎవర్నీ అడగలేక మంచినీళ్లతో గడిపాను. మూడో రోజు పక్కన పడుకునే పెద్దాయన "బేటా, పుల్ కింద అన్నం పెడతారు, రా" అని దబీర్‌పురా ఫ్లైఓవర్ కిందికి వెంట తీసుకుపోయాడు. అక్కడ 2012 నుంచి సాని వెల్ఫేర్ ఫౌండేషన్ అజహర్ మఖ్సూసి భాయ్, ఆయన మనుషులు మధ్యాహ్నం పూట భోజనం పెడుతున్నారు. చిన్నప్పుడే తండ్రి పోయి, ఆకలి ఎరిగిన మనిషి ఆయన.

నా కుడిచేతికి కట్టు. ఎడమచేత్తో పప్పన్నం కలపలేక అవస్థ పడుతుంటే, వడ్డించే తమ్ముడు గిన్నెల దగ్గరికి పోయి ఒక చెంచా తెచ్చి నా పళ్లెంలో పెట్టాడు. ఏమీ అనలేదు, ముందుకు పోయాడు. మర్నాడు నేను కూర్చోగానే చెంచా వచ్చింది. కట్టు విప్పేదాకా రోజూ వచ్చింది. తమ్ముడూ, నీ పేరు కూడా అడగలేదు, క్షమించు.

ఆస్పత్రికి పోయిన రోజుల్లో జీహెచ్‌ఎంసీ (నగరపాలక సంస్థ) వాళ్ల 5 రూపాయల భోజనం ఆదుకుంది. డిసెంబరులో రాత్రిపూట బైకుల మీద వచ్చి దుప్పట్లు పంచిన కాలేజీ పిల్లలకు దండాలు. మీలో ఒక చెల్లి దుప్పటితో పాటు సబ్బు, టవలు, బ్లేడు కూడా ఇచ్చింది. చలికాలం దుప్పట్లు చాలామంది ఇస్తారు గానీ, సబ్బు ఎవరికీ గుర్తురాదు. గడ్డం మాసి, ఒళ్లు వాసన వస్తుంటే పని అడగడానికి కాళ్లు ముందుకు పడవు. ఇచ్చేవాళ్లు ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

చాయ్ హోటల్ అన్నా, చాయ్ తాగకపోయినా రోజూ నా ఫోన్ చార్జింగ్ పెట్టుకోనిచ్చావు. ఆ ఫోన్ ఆన్‌లో ఉండబట్టే మేస్త్రీ పిలుపు అందింది.

నన్ను మొదటిసారి అన్నానికి తీసుకుపోయిన పెద్దాయనకు ఫోన్ లేదు, ఇది చదవలేడు. పుల్ కింద తెల్లగడ్డంతో, ఆకుపచ్చ మఫ్లర్ చుట్టుకుని కనిపిస్తే చెప్పండి: శుక్రవారం నాకు సెలవు, వస్తున్నాను, నా గదికి తీసుకుపోతాను.