వార్షిక నివేదిక: రక్తస్రావం ఆపే శిక్షణ, గుంటూరు

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన శ్రమంతా ఒక్క పని మీదే పెట్టాం: ప్రమాదంలో గాయపడ్డవారికి 108 వచ్చేలోపు రక్తం ఆపడం. మిర్చి యార్డు హమాలీలకు, ఆటో డ్రైవర్లకు, హైవే పక్కన టీకొట్ల వాళ్లకు నేర్పాం. ఉపన్యాసాలు తగ్గించి చేతులతో చేయించాం.

ఎక్కువమంది తడబడేది నొక్కడంలోనే. అర నిమిషానికోసారి గుడ్డ ఎత్తి చూస్తారు. అప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోతుంది. చేతికో కాలికో లోతైన గాయమైతే శుభ్రమైన గుడ్డ లోపలికి కుక్కి, రెండు చేతులతో బరువంతా మోపి, కనీసం 10 నిమిషాలు వదలకుండా నొక్కాలి. పసుపు, కాఫీ పొడి అసలొద్దు.

అయినా రక్తం ఆగకపోయినా, మొదటే ఎగజిమ్ముతున్నా టోర్నికే, అంటే రక్తం ఆపడానికి చేతికో కాలికో చుట్టి బిగించే పట్టీ, కట్టాలి. గాయానికి 5–7 సెంటీమీటర్ల పైన, కీలు మీద పడకుండా, రక్తం ఆగేదాకా బిగించాలి. బాధితుడు అరిచాడని సగంలో ఆపితే సిరలు మూసుకుంటాయి, ధమని మాత్రం పారుతూనే ఉంటుంది, రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. ఉత్త కండువా ముడి చాలదు; కర్ర దూర్చి మెలితిప్పాలి. కట్టిన టైము రాసిపెట్టాలి. విప్పడం ఆసుపత్రి వాళ్ల పని.

"బీపీ బాగానే ఉందిగా" అన్న ధీమా ప్రమాదకరం. 70 కిలోల మనిషిలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 30 శాతం పోయేదాకా బీపీ నిలబడవచ్చు. నాడి 100 దాటడం, ఒళ్లు చల్లబడి చెమట పట్టడం, కంగారు ముందే కనిపిస్తాయి. తొడ ఎముక విరిగితే బయటికి చుక్క రాకుండానే లీటరు దాకా లోపల పోవచ్చు. పడుకోబెట్టి, మే ఎండల్లోనైనా సరే, దుప్పటి కప్పండి. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. నోటికి నీళ్లు, సోడా వద్దు.

వైద్యుల సదస్సులో సెలైన్ మీదే చర్చంతా నడిచింది. సీసాల కొద్దీ ఎక్కిస్తే గడ్డకట్టే పదార్థాలు పలచబడతాయి. రక్తస్రావం అదుపయ్యేదాకా పై బీపీ 80–90 ఉంటే చాలు, తలకు దెబ్బ తగిలితే తప్ప. రక్తపు గడ్డ కరిగిపోకుండా చూసే మందు ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము 10 నిమిషాల్లో, మరో గ్రాము 8 గంటల్లో ఇస్తారు. మొదటిది గాయమైన 3 గంటల్లోపే పడాలి. దాటితే కీడు జరగవచ్చని 2010 నాటి క్రాష్-2 పరిశోధన ఫలితాల విశ్లేషణలో తేలింది. సెలైన్ తక్కువ పెట్టారని సిబ్బందితో గొడవపడకండి, రక్తదాతను వెతకండి.

వచ్చే ఏడాది ఆటో స్టాండుల్లో పెట్టెలు పెడతాం: టోర్నికే, గాజ్ (గాయానికి వాడే పలుచని నూలు గుడ్డ), గ్లవ్స్, మార్కర్. చవక టోర్నికేల ప్లాస్టిక్ కడ్డీ బిగించేటప్పుడు విరుగుతుంది కాబట్టి, కొనేముందు ప్రతి రకాన్నీ తొడకు కట్టి పరీక్షిస్తాం. లెక్కల పట్టిక విడిగా జత చేశాం.