కందగడ్డ ఒకటి, కంద మరొకటి

సంపాదకుల వారికి,

శివరాత్రికి ముందు ఆదివారం మీ ఆరోగ్య శీర్షికలో కందగడ్డ మీద వచ్చిన వ్యాసం గురించి పది రోజులు ఆగి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆగింది ఓపిక ఉండి కాదు, సవరణ మీరే వేస్తారన్న ఆశతో. వ్యాసంలో చెప్పిన గుణాలన్నీ తెలంగాణలో కందగడ్డ అనీ, రాయలసీమలో గెనుసుగడ్డ అనీ, కోస్తాలో చిలగడదుంప అనీ పిలిచే ఎర్రతోలు దుంపవి. పక్కన పావు పేజీ ఆక్రమించిన ఫొటో మాత్రం గోదావరి జిల్లాల వాళ్లు బచ్చలికూరతో కలిపి వండుకునే కందది.

ఈ సంగతి చెబుదామని ఫోన్ చేస్తే, మీ కార్యాలయంలో ఎత్తినవారు "రెండూ దుంపలే కదండీ" అన్నారు. అదే వ్యాసంలో "పచ్చిగానే తురిమి సలాడ్‌లో కలుపుకోవచ్చు" అన్న సలహా ఉన్న సంగతి వారికి గుర్తున్నట్టు లేదు. చిలగడదుంపకు ఆ మాట చెల్లుతుంది. చేలో తవ్వి, లాగుకు తుడిచి, కొరుక్కుతిని పెరిగినవాళ్లమే మేమంతా. కందలో గుచ్చుకుని దురద పెట్టే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి కనుకనే మన ఇళ్లలో దాన్ని కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకుంటారు, చింతపండు వేసి మెత్తగా ఉడికిస్తారు. కొవ్వూరులో రూపొందిన గజేంద్ర రకానికి దురద తక్కువే గానీ, బజారులో ముక్కలుగా కోసి పెట్టినది ఏ రకమో చాలాసార్లు అమ్మేవాడికే తెలియదు. మీ ఫొటో చూసి కంద కొని, మీ అక్షరాలు నమ్మి పచ్చిగా తురుముకున్న పాఠకుడి గొంతుకు ఎవరు పూచీ?

ఈ తికమక నాకు కొత్త కాదు. తణుకు దగ్గర పుట్టి, ఉద్యోగరీత్యా కరీంనగర్ చేరిన మొదటి ఏడు, శివరాత్రి నాడు పక్కింటి పెద్దమ్మ "కందగడ్డలు ఉడకబెట్టిన, తీసుకో బిడ్డా" అని గిన్నె చేతిలో పెడితే, ఉపవాసం రోజున కంద ఏమిటని మా ఆవిడ మూతైనా తీయకుండా పక్కన పెట్టింది. మర్నాడు మూత తీసి చూసి, అవి చిలగడదుంపలని తెలిసి నాలుక కరుచుకుంది. ఒక గృహిణి పొరబడితే గిన్నెడు దుంపలు పాడవుతాయి. పత్రిక పొరబడితే ఎన్ని వేల వంటగదుల్లోకి వెళుతుందో లెక్క మీకే తెలియాలి.

ఇక గుణాల మాట. కందగడ్డ తింటే విటమిన్ ఏ లోపం పోతుందని రాసి, లోపలి రంగు ఊసే ఎత్తలేదు. ఒంట్లో విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ మెండుగా ఉండేది నారింజ రంగు కండ ఉన్న రకాల్లో. ఆఫ్రికాలో పిల్లల కోసం ప్రచారం చేసినవీ, 2016లో ముగ్గురు శాస్త్రవేత్తలకు ప్రపంచ ఆహార బహుమతిలో వాటా తెచ్చిపెట్టినవీ అవే. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఇచ్చిన భూసోనా కూడా ఆ కోవలోదే. మన బండ్ల మీద ఎక్కువగా కనిపించే తెల్లకండ దుంపలో పీచు, పొటాషియం ఉన్నాయి, తోలుతో ఉడికించి తింటే ఇంకా మంచిది, కానీ ఆ కెరోటిన్ నామమాత్రమే. "షుగరు ఉన్నవారు ఎంతైనా తినవచ్చు" అన్న వాక్యం మరీ అన్యాయం. 100 గ్రాముల దుంపలో పిండి పదార్థాలే 20 గ్రాములకు తగ్గవు. పైగా నిప్పుల మీద నెమ్మదిగా కాలేటప్పుడు అందులోని పిండి చక్కెరగా మారుతుంది గనుక, ఉడికించినదాని కన్నా కాల్చినది రక్తంలో చక్కెరను తొందరగా పెంచుతుంది. ఇవి తెలుసుకోవడానికి సముద్రాలు దాటనక్కరలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను పుస్తకంగానే వేసింది.

పత్రికలను మాత్రమే అని ఏం లాభం? ఆ మధ్య ఒక ప్రభుత్వ శాఖ పంచిన కరపత్రంలో ఇదే దుంపను "తీపి బంగాళాదుంప" అన్నారు. మూడు ప్రాంతాల్లో మూడు పేర్లున్న పంటకు నాలుగో పేరు కనిపెట్టిన ఆ అధికారి ఏనాడైనా కూరగాయల బజారు ముఖం చూశారో లేదో! బంగాళాదుంప భూమిలో పెరిగే కాండం, చిలగడదుంప అచ్చమైన వేరు. దీనికి దగ్గరి చుట్టం తూటికూర గానీ బంగాళాదుంప కాదు. జీతమిచ్చి పెట్టుకున్న అనువాదకుడికి తెలియనిది బండి మీద దుంపలమ్మే మనిషిని అడిగినా తెలిసేది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆవిడ ఈ ఉత్తరం వద్దనే అంది. అయినా రాస్తున్నాను. సవరణ వేసేటప్పుడు ఏ మూలనో నాలుగు పంక్తుల్లో కాకుండా, అదే శీర్షికలో, అంతే పెద్ద ఫొటోతో, మూడు ప్రాంతాల పేర్లతో వేయవలసిందిగా కోరుతున్నాను. ఫొటో దొరకడం కష్టమనుకుంటే మా వీధి చివర బండి ఇంకా ఉంది, నేనే తీయించి పంపగలను.

ఒక విశ్రాంత ఉద్యోగి,
కరీంనగర్