స్లర్రీకి ధర ఏది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. గోబర్ గ్యాస్ ప్లాంటు పెట్టుకుంటే వంటగ్యాస్ ఖర్చు మిగులుతుందని పాడి రైతులకు ఏళ్లుగా చెబుతున్నారు. నాలుగు గేదెలున్న రైతుగా నా లెక్క, గ్యాస్ వచ్చాక ప్లాంటులోంచి బయటికొచ్చే పలచని పేడ ద్రవం (స్లర్రీ) లెక్క కూడా వినండి.

2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ కావాలి. నాలుగు గేదెలుంటే సరిపోతుంది. రోజూ వచ్చే గ్యాస్ సుమారు 900 గ్రాముల ఎల్పీజీకి సమానం. అంటే నెలకు రెండు బండలకు కొంచెం తక్కువ. మా ఇంటికి ఒక్క బండ చాలు. మిగతాది దాచుకోలేం, అమ్ముకోలేం. ఆ ఒక్క బండ డబ్బుల కోసం మా ఇంటావిడ రోజూ తెల్లవారకముందే లేచి, పేడకు సమానంగా నీళ్లు పోసి గడ్డలు లేకుండా కలుపుతుంది. ఆ చాకిరీకి కూలి ఎవరూ లెక్క కట్టరు. ప్లాంటులో గ్యాస్ నిలిచే గుమ్మటం (డోము) పగిలినప్పుడు ఆఫీసులో అడిగితే సబ్సిడీ కట్టుబడికే, రిపేరుకు కాదన్నారు. మేస్త్రి దొరికేసరికి ఒక సీజన్ గడిచిపోయింది.

అసలు డబ్బు స్లర్రీలో ఉంది. నెలకు దాదాపు 3 టన్నులు వస్తుంది. పేడలోని నత్రజని, భాస్వరం, పొటాష్ చాలావరకు అందులోనే ఉంటాయి. కానీ 90 శాతం దాకా నీళ్లే. ట్రాక్టరు మీద రెండు ఊళ్లు దాటిస్తే కిరాయి కూడా గిట్టదు. మా పొలానికి పోయగా మిగిలింది కాలవలో కలుస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

గుజరాత్‌లో దారి చూపించారు. ఆనంద్ జిల్లా ముజ్‌కువాలో ఇంటింటి స్లర్రీని మహిళల సహకార సంఘం సేకరించి ఎరువుగా అమ్ముతోంది. దీసా దగ్గర బనాస్ డెయిరీ రోజుకు 40 టన్నుల పేడతో గ్యాస్ తీసే ప్లాంటు పెట్టి, రైతుకు కిలోకు రూపాయి ఇస్తోంది. పాలు పోసే రైతుల దగ్గరే పేడ కూడా కొనడం వల్ల అది సాధ్యమైంది.

పేడ, వ్యర్థాల నుంచి గ్యాస్ తీసే గోబర్‌ధన్ పథకం ప్లాంట్ల సేంద్రియ ఎరువుకు టన్నుకు 1500 రూపాయల సాయం ఇవ్వాలని కేంద్రం 2023లో నిర్ణయించింది. పెరట్లో ప్లాంటున్న మాలాంటి వాళ్ల స్లర్రీని మాత్రం తూచి కొనేవాళ్లు లేరు. మన పాల కేంద్రాల్లో పాలకు వెన్న శాతం చూసి డబ్బు కట్టే పుస్తకం, తూకం, మనుషులు ఉన్నారు. అక్కడే ఒక తొట్టి కట్టించి, స్లర్రీ వడగట్టి, చుట్టుపక్కల రైతులకు అమ్మే ఏర్పాటు చేయాలి. రిపేరుకు మండలానికో మేస్త్రిని తయారుచేయాలి. మొదట ఒక్క మండలంలో పెట్టి చూడండి. మా స్లర్రీ పోయడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక పాడి రైతు,
కృష్ణా జిల్లా