మదైరా పోయే ముందు జర చదువు

రాజూ,

పోర్చుగల్‌కు చెందిన మదైరా దీవిల పెద్ద పట్నం ఫుంచల్‌ల విమానం దిగుడు భయంగ ఉంటదా అని అడిగినవు గదా. అక్కడి గుట్టల సంగతి, గాలి సంగతి తెలిస్తే సగం భయం పోతది, ఇను.

ముందు మన వరంగల్ మామునూరు విమానాశ్రయం యాదికి తెచ్చుకో. 1.8 కిలోమీటర్ల రన్‌వేను 2.8 చెయ్యాలంటే మనకాడ పంచాయితీ అంతా 253 ఎకరాల భూమి మీదనే నడిచింది. మదైరావోళ్లు సుత ఇంచుమించు గంతే పెంచిండ్రు: 1,800 మీటర్లను 2000 సంవత్సరంల 2,781 చేసిండ్రు. కాకపోతే అక్కడ కొందామంటే భూమే లేదు. ఒక దిక్కు కొండ, ఇంకో దిక్కు సముద్రం. అగ్నిపర్వతం సముద్రం అడుగు నుంచి లేస్తే అయిన దీవి అది. ఒడ్డు దాటంగనే లోతు, మట్టి పోసి పూడ్చుడు అయ్యే పని కాదు. అందుకే 3 మీటర్ల మందం కాంక్రీట్ స్తంభాలు 180 నిలబెట్టి, వాటి మీద రన్‌వే పరిచిండ్రు. వెయ్యి స్తంభాల గుడి కప్పు మీద విమానం దింపినట్టే అనుకో! పెద్ద రోడ్డు దాని కిందికెళ్లే పోతది. నన్నడిగితే ఆ కట్టడాన్ని చూడాల్సింది పైనుంచి కాదు, కిందికెళ్లి.

1964ల మొదలైనప్పుడు అది 1,600 మీటర్లే. 1977 నవంబర్‌ల వాన రాత్రి ఒక బోయింగ్ 727 చానా ముందుకు వచ్చినంక నేల తాకింది. తడి రన్‌వే మీద ఆగక కొన దాటి కింద పడ్డది, 131 మంది పోయిండ్రు. ఆ తర్వాతనే రెండుసార్లు పెంచిండ్రు.

పొడుగైతే పెరిగింది గని గాలి అట్లనే ఉన్నది. 1,862 మీటర్ల పీకో రుయివో శిఖరం విమానాశ్రయానికి 20 కిలోమీటర్ల లోపే. ఉత్తరం గాలి ఆ గుట్టలెక్కి ఇవతలికి దిగేటప్పుడు సుడి తిరుగుతది. రన్‌వే ఈ కొనకాడ ఎదురుగాలి ఉంటే ఆ కొనకాడ పక్కగాలి. ఆకాశంల మబ్బు తునక లేకున్నా విమానం ఊగుతది. అందుకే అక్కడ దిగే పైలట్లకు ప్రత్యేక శిక్షణ ఉండాలె. గాలి లెక్క దాటితే దించుడు పైలట్ ఇష్టం కాదు, ఆగాల్సిందే.

రన్‌వే రెండు కొనలకు 05, 23 అని నంబర్లు. 05 వైపు దిగితే విమానం సముద్రం మీదికెళ్లి గుట్టలకు ఎదురుగ వచ్చి, తక్కువ ఎత్తుల కుడికి తిరుగుతది. కొండ మీదికే పోతున్నట్టు అనిపిస్తది, పరేషాన్ గాకు, దారే అది. కుడి కిటికీకి మలుపుల రన్‌వే కనిపిస్తది, ఎడమ కిటికీకి గుట్టలు. 23 వైపు దిగితే గుట్టలు కుడికి.

గాలి తగ్గకుంటే పోర్టో సాంటో దీవికి తిప్పుతరు. అక్కడ రన్‌వే 3,000 మీటర్లు, గుట్టల బాధ తక్కువ. ఓడల ఫుంచల్‌కు రెండున్నర గంటలు. కొన్నిసార్లు మళ్ల లిస్బన్‌కే తోలుకపోతరు.

వచ్చేటప్పుడు ఫుంచల్ నుంచి హైదరాబాద్ దాకా ఒకటే టికెట్ తీయి. వేరువేరు తీస్తే, మొదటి విమానం గాలికి ఆగితే రెండో దాని పైసలు నీ నెత్తి మీదనే. వాతావరణం వల్ల రద్దయితే యూరప్ నియమం ప్రకారం పరిహారం రాదు గని, తిండి, హోటల్ కంపెనీవోళ్లే చూడాలె, గట్టిగ అడుగు. మందులు, ఛార్జర్, ఒక జత బట్టలు చేతి సంచిలనే పెట్టు. సకినాలు సుత.

నీ
వేణు