డెనిస్ లా పేరు కింద డాల్‌గ్లిష్ బొమ్మ: ఈ ఫిర్యాదైనా ఎవరైనా చదువుతారా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: పోస్టర్‌లో తప్పు, అంతకంటే పెద్దదైన మీ నిర్లక్ష్యం.

అయ్యా,

ఆర్డర్ నంబరు ఇక్కడ రాయడం లేదు. మీ వాళ్లు ఫోన్ ఎత్తినప్పుడల్లా అదే అడిగారు, నేనూ అదే చెప్పాను. ఈపాటికి మీ ఆఫీసులో అందరికీ కంఠస్థం వచ్చి ఉండాలి.

నేను అడిగింది మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ ఆటగాడు డెనిస్ లా పోస్టర్. వచ్చినదాని మీద పేరు ఆయనదే, కింద రాసిన "1964 బాలన్ డోర్ విజేత" అన్న మాటా (మేటి ఫుట్‌బాల్ ఆటగాడికి ఏటా ఇచ్చే అవార్డు అది) ఆయన గురించే. బొమ్మ మాత్రం మరో ఆటగాడు కెన్నీ డాల్‌గ్లిష్‌ది, అదీ ప్రత్యర్థి క్లబ్బు లివర్‌పూల్ జెర్సీలో! 1964లో డాల్‌గ్లిష్‌కి 13 ఏళ్లు. మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని గోడ మీద లివర్‌పూల్ జెర్సీ ఎందుకు ఉండకూడదో వివరించే ఓపిక నాకు లేదు. మార్చి పంపి ఉంటే అక్కడితో అయిపోయేది.

మొదట మీ యాప్‌లో చాట్. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని కాసేపు చింతించి, "మీ సమస్య పరిష్కారమైందా?" అని అడిగి, నేను జవాబు టైప్ చేస్తుండగానే టికెట్ మూసేసింది. తర్వాత ఫోన్లో ఒక అమ్మాయి "ఈయన ఏ ఐపీఎల్ టీమ్ సార్?" అంది. పాపం, తెలియక అడిగింది, ఆమె మీద కోపం లేదు. ఆమె లైన్ కలిపిన అబ్బాయి ఉన్నాడే, నెట్‌లో వెతికి మరీ వాదించాడు. "ఇద్దరిదీ స్కాట్లాండే, ఇద్దరివీ 30 గోల్సే, ఇద్దరూ ఎర్ర జెర్సీలే వేసుకున్నారు. ఇంక తేడా ఏముంది సార్?"

తేడా నేను చెప్తాను. దేశం తరఫున ఆ 30 గోల్స్‌కి డాల్‌గ్లిష్‌కి 102 మ్యాచ్‌లు పట్టాయి, లాకి 55 చాలాయి. 1963-64 సీజన్‌లో అన్ని పోటీలూ కలిపి యునైటెడ్‌కి లా 46 గోల్స్ కొట్టాడు. స్కాట్లాండ్ నుంచి బాలన్ డోర్ అందుకున్నది ఇప్పటికీ ఆయనొక్కడే. డాల్‌గ్లిష్ గొప్పవాడే, కాదనను. కానీ గోల్ కొట్టాక జెర్సీ చేతి అంచుని పిడికిట్లో బిగించి, ఒక్క వేలు పైకెత్తి నిలబడేది లా. నేను డబ్బు కట్టింది ఆ బొమ్మకి.

ఇదంతా విని "పై అధికారికి పంపిస్తున్నాం" అన్నారు. ఆ పై అధికారి ఏ అంతస్తులో ఉంటారో ఆ దేవుడికే తెలియాలి. ప్రతిసారీ పాత టికెట్ మాయం, కొత్త టికెట్, మళ్లీ మొదటి నుంచి కథ. 1961లో మాంచెస్టర్ సిటీకి ఆడుతూ లూటన్ జట్టు మీద లా ఆరు గోల్స్ కొడితే, వాన వల్ల మ్యాచ్ మధ్యలో ఆపేసి ఆ ఆరింటినీ లెక్కలోంచి తీసేశారు. అక్కడ కనీసం వాన పడింది. మీ ఆఫీసులో ఏం పడుతోంది?

మీ యాప్ పేరు ఎవరికీ తెలియని రోజుల నుంచి కొంటున్నాను. మా అపార్ట్‌మెంట్లో సగం మంది ఫోన్లలో దాన్ని వేయించింది నేనే. ప్రతి పండక్కీ "ప్రియమైన కస్టమర్" అని మెసేజ్ పెట్టడం మాత్రం మీరు మర్చిపోరు.

1974లో సిటీ తరఫున యునైటెడ్ మీద మడమతో గోల్ కొట్టాక, పాత క్లబ్బు కదా అని లా సంబరం చేసుకోలేదు, తల దించుకున్నాడు. నాకంత మంచితనం లేదండీ. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, చాట్ స్క్రీన్‌షాట్లన్నీ బయటపెడతాను, అదీ తలెత్తుకునే.

పోస్టర్ మారుస్తారో, డబ్బు వెనక్కిస్తారో మీరే తేల్చుకోండి. నా టికెట్లన్నీ చదివిన మనిషి ఎవరైనా ఉంటే ఫోన్ చేయించండి. చాట్ లింకు మాత్రం పంపకండి.

ఇట్లు,
ప్రస్తుతానికి మీ కస్టమర్